జెండా ఎమోజీ: పెట్టిన చోటే దాని అర్థం

గుంటూరులోని ఒక కుటుంబ వాట్సాప్ గ్రూపులో మువ్వన్నెల జెండా ఎమోజీ కనిపిస్తే అది దేశభక్తి, లేదా మ్యాచ్ గెలిచిన సంబరం. డాలస్ తెలుగువాళ్ల గ్రూపులో అదే జెండా చాలాసార్లు వట్టి చిరునామా: ఈ నంబరు ఇండియాది, ఈ పచ్చళ్లు ఇండియా నుంచి వస్తున్నాయి, ఈ ధర రూపాయల్లో. బొమ్మ అదే, పని వేరు. అందరూ భారతీయులే ఉన్నచోట భారత జెండా కొత్త సంగతేమీ చెప్పదు కాబట్టి చదివేవాళ్లు దాన్ని మనసులో మాటగా తీసుకుంటారు. నాలుగు దేశాలవాళ్లు కలిసే చోట అది ముందు సమాచారం, ఆ తర్వాతే అభిమానం. జెండా ఎమోజీల మీద వచ్చే అపార్థాలు చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

మిగతా ఎమోజీలకు ఈ చిక్కు ఇంతగా లేదు. నవ్వు ముఖం, కన్నీటి ముఖం ఎంతోకొంత భావాన్ని మోసుకొస్తాయి. జెండా మోసుకొచ్చేది ఒక ప్రాంతం పేరు మాత్రమే. అది గర్వమా, దిగులా, వెటకారమా, అడ్రసా అన్నది దాని పక్కన ఏముంది, ఎవరు పెట్టారు, ఏ రోజున పెట్టారు అన్నవి చూసి తేల్చుకోవాల్సిందే.

పేరు పక్కన, మాట చివర, ఒంటరిగా

ప్రొఫైల్‌లో పేరు పక్కనో, బయోలోనో ఉన్న జెండా మనిషి గురించి చెబుతుంది. ఒక్కటే ఉంటే అది పౌరసత్వమో, ఉంటున్న ఊరో, అభిమానమో తేలదు. రెండుంటే కొంత తేలుతుంది. ముందున్నది పుట్టిన దేశం, తర్వాతది ఉంటున్న దేశం అని చదవడం అలవాటుగా వచ్చేసింది. భారత జెండా పక్కన అమెరికా జెండా ఉంటే వలస వెళ్లినవారు. మధ్యలో విమానం ఉంటే ఈమధ్యే వెళ్లినవారో, ప్రయాణంలో ఉన్నవారో. వరస తిరగబడితే అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కావచ్చు, వెనక్కి వచ్చేసినవారూ కావచ్చు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అందుకే పెళ్లి సంబంధాల గ్రూపుల్లో జంట జెండాలు చూసి గ్రీన్‌కార్డు ఉందని లెక్కవేసుకోవడం తొందరపాటు. నిన్నగాక మొన్న ఎఫ్1 వీసా మీద దిగిన విద్యార్థి కూడా అవే రెండు జెండాలు పెడతాడు. వీసా సంగతి అడిగే తెలుసుకోవాలి.

భారత్‌లోనే ఉంటూ, భారతీయులతోనే మాట్లాడే ఖాతాలో పేరు పక్కన భారత జెండా ఉంటే దాన్ని చిరునామాగా ఎవరూ చదవరు. జాతీయవాద ప్రకటనగా చదువుతారు, పెట్టినవారి ఉద్దేశం ఏదైనా సరే. ఇక్కడ నెల కూడా చూడాలి. 2022లో ‘హర్ ఘర్ తిరంగా’ సందర్భంగా ఆగస్టు 2 నుంచి 15 వరకు ప్రొఫైల్ బొమ్మగా త్రివర్ణం పెట్టుకోమని ప్రధాని పిలుపునిచ్చారు. జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య పుట్టినరోజు ఆగస్టు 2 కావడమే ఆ తేదీకి కారణం. అప్పటినుంచి ఆగస్టు మొదటి పక్షంలో కనిపించే జెండాకు పెద్దగా వ్యక్తిగత అర్థం వెతకనక్కర్లేదు, అది ఋతువుతో వచ్చినది. నవంబరులో కూడా అలాగే ఉంటే మాత్రం అది ఆ మనిషి కావాలని ఉంచుకున్నది.

ఫోన్‌లో కాంటాక్ట్ పేరు చివర జెండా పెట్టుకోవడం తెలుగు ఇళ్లలో మామూలైంది. ‘బాబాయ్’ పక్కన అమెరికా జెండా, ‘చిన్నక్క’ పక్కన ఆస్ట్రేలియా జెండా. ఇది పూర్తిగా పనికొచ్చే వాడకం, ఎందుకంటే ఆ జెండా అసలు చెప్పేది గడియారం సంగతి. డాలస్‌లో ఉన్న బాబాయికి వేసవిలో మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. జెండాను పేరు ముందు కాకుండా చివరే పెట్టాలి. ముందు పెడితే చాలా ఫోన్లలో ఆ పేరు అక్షరక్రమం నుంచి తప్పుకుని జాబితా అడుగునో, పైనో విడిగా చేరుతుంది. ‘బ’ దగ్గర వెతికితే దొరకదు. కారు బ్లూటూత్ తెరల మీద జెండా బదులు ఖాళీ డబ్బాలు రావచ్చు.

సందేశం మొదట్లో వచ్చే జెండా శీర్షికలాంటి పని చేస్తుంది. టెలిగ్రామ్ వార్తా ఛానళ్లలో ఇది స్థిరపడిపోయింది: ముందు జపాన్ జెండా, తర్వాత భూకంపం వార్త. చివర వచ్చే జెండా గమ్యమో, భావమో. ‘వచ్చే శుక్రవారం బయల్దేరుతున్నాం’ తర్వాత సింగపూర్ జెండా ఉంటే ఊరు పేరు రాయనక్కర్లేకుండా పోయింది. క్రీడాకారుడి పేరు వెంట ఉంటే జట్టు. ఇవి పెద్దగా తికమక పెట్టవు.

ఒంటరి జెండాతోనే జాగ్రత్త కావాలి. ఆగస్టు 15న, జనవరి 26న ఒంటరి భారత జెండా శుభాకాంక్ష. మ్యాచ్ రాత్రి ఐదారు జెండాలు వరసగా వస్తే కేక. సరిహద్దులో జవాను మరణవార్త కింద అదే జెండా నివాళి. సగానికి దించిన జెండాకు ఎమోజీ లేదు కాబట్టి, పక్కన చేతులు జోడించిన బొమ్మో, కొవ్వొత్తో ఉంటేనే అది సంతాపమని స్పష్టమవుతుంది. విషాద వార్త కింద వట్టి జెండాలు మూడు నాలుగు పెడితే సంబరంలా కనిపించే ప్రమాదం ఉంది. ఒక్క జెండా, చేతులు జోడించిన బొమ్మ చాలు. ఇక వర్షానికి చెరువైన రోడ్డు వీడియో కింద వచ్చే ఒంటరి జెండా వెటకారమని చెప్పనక్కర్లేదు. అయితే ఆ వెటకారం దేశం మీదా, మునిసిపాలిటీ మీదా అన్న గొడవ మాత్రం కింద కామెంట్లలో తప్పకుండా నడుస్తుంది.

మూడు హృదయాల త్రివర్ణం గురించి ఒక మాట. నారింజ, తెలుపు, ఆకుపచ్చ హృదయాలను వరసగా పెట్టడం జెండాకు బదులుగా వాడుకలో ఉంది. తెల్ల హృదయం 2019లో గానీ రాలేదు కాబట్టి ఈ వాడకం అంతకు పాతది కాదు. మన జెండాలో రంగులు పైనుంచి కిందికి ఉంటాయి. హృదయాలు ఎడమ నుంచి కుడికి వస్తాయి. ఎడమ నుంచి కుడికి నారింజ, తెలుపు, ఆకుపచ్చ అంటే అది ఐవరీ కోస్ట్ జెండా. వరస తిప్పితే ఐర్లాండ్. ఆగస్టు 15న మనవాళ్ల మధ్య ఎవరికీ సందేహం రాదు. డబ్లిన్ ఆఫీసులో పనిచేసే సహోద్యోగికి పంపేటప్పుడు అసలు జెండాయే పంపడం మేలు.

బొమ్మ వెనక ఉన్నది రెండు అక్షరాలు

జెండా ఎమోజీ ఒక బొమ్మగా ప్రయాణించదు. జపాన్ మొబైల్ కంపెనీల తొలి ఎమోజీల్లో పది దేశాల జెండాలే ఉండేవి: జపాన్, అమెరికా, చైనా, దక్షిణ కొరియా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్. ఎమోజీలను ప్రపంచ ప్రమాణంలోకి తెచ్చేటప్పుడు ఈ పదింటికే చోటిస్తే మిగతా దేశాలు ఊరుకోవు. అన్నింటికీ చోటిస్తే ఏది దేశం, ఏది కాదు అన్న తగాదా ఆ ప్రమాణాన్ని చూసుకునే యూనికోడ్ సంస్థ నెత్తిన పడుతుంది. 2010లో వచ్చిన యూనికోడ్ 6.0లో దీనికి ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు. జెండాలను కాకుండా 26 ప్రత్యేక ఇంగ్లిష్ అక్షరాలను చేర్చారు. అందులో ఏ రెండు కలిసి ఒక దేశపు ఐఎస్ఓ కోడ్ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే రెండక్షరాల గుర్తు) అవుతాయో, ఆ జెండాను చూపించే పని ఫోన్ తయారీదారుకు వదిలేశారు. ‘ఐ’, ‘ఎన్’ పక్కపక్కన వస్తే భారత్. 26 అక్షరాలతో 676 జతలు సాధ్యం. వాడుకలో ఉన్నవి 260కి ఒకటి తక్కువ. ఆఖరున చేరినది 2024లో, ఇంగ్లిష్ ఛానల్‌లోని సార్క్ అనే చిన్న దీవి.

ఈ ఉపాయం వల్ల వచ్చే మొదటి తంటా విండోస్ కంప్యూటర్లలో కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ తన ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు పెట్టలేదు. కాబట్టి ఫోన్ నుంచి పంపిన జెండా ఆఫీసు కంప్యూటర్‌లో రెండు అక్షరాలుగా కనిపిస్తుంది. విండోస్ మీటా, చుక్కా కలిపి నొక్కితే వచ్చే ఎమోజీల పలకలోనూ దేశాల జెండాలు ఉండవు. తెల్లజెండా, నల్లజెండా, గళ్ల జెండాలాంటివే ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తన సొంత ఎమోజీ ఫాంటు తెచ్చుకుంటుంది కాబట్టి అందులో జెండాలు కనిపిస్తాయి. కొన్ని యాప్‌లు, సైట్లు కూడా సొంత బొమ్మలు వాడతాయి. వర్డ్ ఫైల్లో, మామూలు ఈమెయిల్ శీర్షికలో ఆ భరోసా లేదు.

‘ఐఎన్’ చూసి ఇండియా అని పోల్చుకోవచ్చు. కానీ ‘సీహెచ్’ అంటే చైనా కాదు, స్విట్జర్లాండ్, చైనా ‘సీఎన్’. ‘ఎస్ఏ’ సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా ‘జెడ్ఏ’. జర్మనీ ‘డీఈ’, స్పెయిన్ ‘ఈఎస్’, క్రొయేషియా ‘హెచ్ఆర్’. ఆస్ట్రియా ‘ఏటీ’, ఆస్ట్రేలియా ‘ఏయూ’. ఎగుమతి ధరల పట్టికలోనో, శిబిరాల జాబితాలోనో దేశం పేరుకు బదులు జెండా మాత్రమే పెట్టి పంపితే, విండోస్‌లో తెరిచినవారు స్విట్జర్లాండ్ వరసను చైనా అనుకోవడానికి పూర్తి అవకాశం ఉంది. జెండా పక్కన దేశం పేరు అక్షరాల్లో రాయడం ఒక్కటే దీనికి విరుగుడు.

రెండో తంటా అక్షరాలు విడిపోవడం. జెండాలను ఖాళీ లేకుండా వరసగా పెట్టినప్పుడు ఫోన్ ఎడమ నుంచి రెండేసి అక్షరాలను జత కలుపుకుంటూ పోతుంది. భారత్, అమెరికా జెండాలు కలిపి పెడితే లోపల ఉన్నది ఐ, ఎన్, యూ, ఎస్. ఏదో పాత యాప్ సందేశాన్ని కత్తిరించేటప్పుడు మొదటి ‘ఐ’ని తీసేసిందనుకోండి. బడిపిల్లల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టిన వరసలో మొదటివాడు తప్పుకుంటే జతలన్నీ మారినట్టే, ‘ఎన్’ వెళ్లి ‘యూ’తో కలుస్తుంది. తెర మీద పసిమి పసుపు మీద బ్రిటిష్ గుర్తున్న నియూ జెండా వస్తుంది, పక్కన ఒంటరి ‘ఎస్’ మిగులుతుంది. నియూ పసిఫిక్ మహాసముద్రంలో ఒక చిన్న ద్వీపదేశం. దాని జెండా తెలుగు ప్రవాసుల బయోలో ప్రత్యక్షమైతే కారణం సాధారణంగా ఇదే. కొన్ని పాత యాప్‌లలో ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే జెండా మొత్తం పోకుండా సగమే పోతుంది, అప్పుడూ ఇదే జరుగుతుంది. జెండాల మధ్య ఒక ఖాళీ వదిలితే నష్టం ఒక్క జెండాకే పరిమితమవుతుంది.

మూడోది, బొమ్మ ఎవరిది అన్న ప్రశ్న. సందేశంలో వెళ్లేది కోడ్. జెండా గీసేది అందుకున్నవారి ఫోన్. 2017లో మౌరిటానియా తన జెండాకు పైనా కిందా ఎర్రచారలు చేర్చుకుంది. అప్పటినుంచి అప్‌డేట్ కాని ఫోన్‌లో అదే కోడ్ పాత జెండానే చూపిస్తుంది. అఫ్గానిస్థాన్‌లో 2021లో తాలిబన్లు తెల్లజెండా ఎగరేసినా, చాలా ఫోన్లలో ఆ కోడ్‌కు నలుపు, ఎరుపు, ఆకుపచ్చల పాత జెండాయే ఉంది. కాబట్టి అఫ్గాన్ జెండా పెట్టినవారు ఏ ప్రభుత్వం వైపో ఆ బొమ్మను బట్టి చెప్పడం కుదరదు. వాళ్లకు ఎంచుకునే అవకాశమే లేదు. తైవాన్ విషయంలో ఫోన్ ఉన్న ప్రాంతమే అడ్డు. ప్రాంతాన్ని చైనాగా పెట్టుకున్న ఐఫోన్లలో ఆ జెండా కనిపించదు. ఈ ఏర్పాటులోని ఒక లోపం వల్ల తైవాన్ జెండా ఉన్న సందేశం వస్తే కొన్ని ఐఫోన్లలో యాప్‌లు మూతపడేవి. 2018లో ఐఓఎస్ 11.4.1తో దాన్ని సరిచేశారు. 2019లో హాంకాంగ్, మకావు ఐఫోన్ల కీబోర్డు నుంచి కూడా ఆ జెండాను తీసేశారు.

కీబోర్డులో కవలలు కూడా ఉన్నాయి. నార్వే జెండా మూడు చోట్ల ఉంటుంది: నార్వేకు ఒకటి, బూవే దీవికి ఒకటి, స్వాల్‌బార్డ్‌కు ఒకటి. అమెరికాకు దూరపు దీవుల పేరిట ఇంకొకటి, ఆస్ట్రేలియాకు హర్డ్ దీవి పేరిట ఇంకొకటి. చూడ్డానికి తేడా లేదు, కోడ్ వేరు. జెండాతో పాత సందేశాలను వెతికినప్పుడు కొన్ని దొరక్కపోతే ఈ కవలల్లో రెండోదాన్ని వాడి ఉంటారు. కవలలు కాకపోయినా పొరపడే జతలు ఇంకొన్ని: చాద్‌తో రొమేనియా, ఇండోనేషియాతో మొనాకో. మనకు దగ్గరి పొరపాటు నైజర్. అదే నారింజ, తెలుపు, ఆకుపచ్చ. మధ్యలో నీలి చక్రం బదులు నారింజ రంగు వృత్తం. చిన్న తెర మీద ఇరవై నాలుగు ఆకులు ఎలాగూ కనబడవు కాబట్టి వృత్తం రంగు చూసుకోవాలి.

ఆటలో, భాషలో కుదరని జెండా

కోడ్ దేశాలకు ఇచ్చారు, జట్లకు కాదు. క్రికెట్ అభిమానికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. ఇంగ్లండ్ జట్టుకు చాలామంది బ్రిటన్ జెండా పెట్టేస్తారు. నిజానికి తెలుపు మీద ఎర్ర శిలువ ఉన్న ఇంగ్లండ్ జెండా 2017 నుంచి విడిగా ఉంది, స్కాట్లాండ్, వేల్స్‌లతో పాటు. ఉత్తర ఐర్లాండ్‌కు లేదు, దానికి తనదైన అధికారిక జెండా లేకపోవడం వల్ల. ఈ మూడింటి నిర్మాణం వేరు: నల్లజెండా ఎమోజీ వెనక కంటికి కనబడని అక్షరాలు తగిలిస్తారు. అందుకే పాత ఫోన్లలో ఇంగ్లండ్ జెండా వట్టి నల్లజెండాగా కనిపిస్తుంది. మ్యాచ్‌కు ముందు స్నేహపూర్వకంగా పంపిన జెండా అవతలివారికి నిరసనలా చేరితే తప్పు పంపినవారిది కాదు. వెస్టిండీస్ ఒక దేశమే కాదు కాబట్టి దానికి జెండా లేదు. బార్బడోస్, జమైకా జెండాలు విడివిడిగా ఉన్నాయి, జట్టుకు మాత్రం అభిమానులు కొబ్బరిచెట్టు బొమ్మతో సరిపెట్టుకుంటారు.

సూత్రప్రకారం ఇంగ్లండ్ జెండా పద్ధతిలోనే ఆంధ్రప్రదేశ్ ఐఎస్ఓ కోడ్‌తోనూ ఒక జెండా వరసను కూర్చవచ్చు. దాన్ని ఏ ఫోనూ గీయదు, నల్లజెండాయే వస్తుంది. కొత్త జెండాల ప్రతిపాదనలు ఇక తీసుకోబోమని యూనికోడ్ 2022లో ప్రకటించింది. ఎమోజీల్లో అతి పెద్ద వర్గం జెండాలదే అయినా అతి తక్కువగా వాడేదీ అదేనన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. ఐఎస్ఓ కొత్త దేశానికి కోడ్ ఇస్తే మాత్రం జెండా దానంతట అదే చేరుతుంది.

భాషకు గుర్తుగా జెండా వాడటం ఇంకా పెద్ద పొరపాటు. ‘వీడియో తెలుగులో’ అని చెప్పడానికి భారత జెండా పెడితే హిందీవాళ్లూ, తమిళులూ అది తమ భాషలోదేమో అనుకుని తెరుస్తారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోనే 22 భాషలున్నాయి. యాప్ తయారుచేసేవారు భాషల జాబితాలో జెండాలు తీసేసి ‘తెలుగు’, ‘தமிழ்’ అంటూ ఏ భాష పేరు ఆ భాష లిపిలో రాస్తే సరిపోతుంది.

జెండానే కానీ దేశానిది కాదు

కర్రకు కట్టిన ఎర్ర త్రికోణ జెండా ఎమోజీ ఏ దేశానిదీ కాదు. కుర్రకారుకు అది ‘రెడ్ ఫ్లాగ్’: ఈ మనిషితో జాగ్రత్త అని హెచ్చరిక. 2021 అక్టోబరులో ట్విటర్‌లో ఇది వెల్లువలా సాగింది. శ్రీరామనవమి, హనుమజ్జయంతి సందేశాల్లో అదే జెండా కాషాయ ధ్వజం, ఎందుకంటే కాషాయ రంగు జెండా ఎమోజీ వేరే లేదు. కమ్యూనిస్టు కార్యకర్తకు అది ఎర్రజెండాయే. ఒక అబ్బాయి బయోడేటా కింద మేనకోడలు మూడు ఎర్రజెండాలు పెడితే పెద్దత్తయ్య దాన్ని జైశ్రీరామ్‌గా చదివి మురిసిపోవడం అసాధ్యమేమీ కాదు. కలిసి ఉన్న రెండు జెండాల ఎమోజీ పండగ తోరణం కాదు, అవి జపాన్ జెండాలు. స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షల్లో దానికి చోటు లేదు.

సంఘీభావంగా పెట్టే జెండా గురించి క్లుప్తంగానే. 2022 ఫిబ్రవరి తర్వాత ఉక్రెయిన్ జెండా, 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్, పాలస్తీనా జెండాలు పేర్ల పక్కన చేరాయి. పాలస్తీనా జెండాలోని ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు రంగులు పుచ్చకాయలోనూ ఉన్నాయి కాబట్టి, జెండా పెడితే పోస్టును తొక్కిపెడతారేమోనని అనుమానించేవారు పుచ్చకాయ ముక్క పెడతారు. ఇలాంటి జెండా ఉన్నవారు ఆ దేశంవారని అనుకోకూడదు.

ఫోన్ నంబరు పక్కన యాప్ చూపించే జెండా మనిషి పెట్టింది కాదు, నంబరు ముందున్న కోడ్‌ను బట్టి వచ్చింది. ప్లస్ 1 అమెరికాది మాత్రమే కాదు, కెనడాది, చాలా కరీబియన్ దీవులది కూడా. ప్లస్ 7 రష్యాతో పాటు కజకిస్థాన్‌ది. ఆన్‌లైన్‌లో కొనుక్కున్న నంబరుతో ఏ దేశం నుంచైనా మాట్లాడవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామని వచ్చిన వాట్సాప్ కాల్‌కు బ్రిటన్ జెండా ఉన్నంత మాత్రాన పిలిచినవారు లండన్‌లో ఉన్నట్టు కాదు.

చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ ప్రతి జెండాను దేశం పేరుతో చదువుతుంది. పేరు చివర పది జెండాలున్న గ్రూపు సభ్యుడు మెసేజ్ పెట్టిన ప్రతిసారీ ఆ పది పేర్లూ వినాల్సి వస్తుంది.

ఎస్ఎంఎస్ ద్వారా శుభాకాంక్షలు పంపే దుకాణాలు, స్కూళ్లు జెండాకయ్యే ఖర్చు కూడా చూసుకోవాలి. వట్టి ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. ఒక్క ఎమోజీ చేరినా, తెలుగు లిపి వాడినా ఆ పరిమితి 70కి పడిపోతుంది; ఒకటికి మించిన భాగాలైతే భాగానికి 67. జెండా ఒక్కటే అందులో నాలుగు తింటుంది. 150 అక్షరాల ఇంగ్లిష్ శుభాకాంక్షకు చివర భారత జెండా తగిలిస్తే మొత్తం 154 అవుతుంది, ఒక ఎస్ఎంఎస్ కాస్తా మూడవుతుంది. వెయ్యి మందికి పంపితే బిల్లు మూడు వేల ఎస్ఎంఎస్‌లకు వస్తుంది.